ప్లగ్గు పెట్టని బల్బు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఏ వింత శబ్దం విన్నా ఎర్తింగ్ సరిగ్గా లేదనో, వైరు వదులైందనో తేల్చేసే రకం నేను. ఇప్పుడు నేనే ఇలాంటిది రాయాల్సి వచ్చింది. రాస్తున్నప్పుడు కూడా కోపంగానే ఉంది.

మాది కంచరపాలెం. నేను, మా అక్క భర్త అప్పలరాజు బావ కలిసి ఇంట్లో ఆంప్లిఫయర్లు తయారుచేయడం నేర్చుకున్నాం. చెప్పేవాళ్లెవరూ లేరు. ఫోన్లో వీడియోలు చూడటం, పాత టీవీ బోర్డుల నుంచి పార్టులు ఊడదీయడం, చేతులు కాల్చుకోవడం, అంతే మా చదువు. మొదటి సెట్టు పాట పాడటానికి మూడు నెలలు పట్టింది. ఆ రోజు బావ వీధంతా వినిపించేలా పెట్టి అక్క చేత తిట్లు తిన్నాడు.

బావకి ఒక చాదస్తం ఉండేది. కొత్త సెట్టును నేరుగా కరెంటుకి పెట్టనిచ్చేవాడు కాదు. ఒక చెక్క మీద హోల్డరు, వంద వాట్ల బల్బు బిగించుకున్నాడు. కరెంటు ఆ బల్బు గుండానే సెట్టుకి వెళ్లాలి. లోపల తప్పుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు కాలిపోదు.

"కంగారేటి నీకు? ముందు బల్బు ఎట్టు, అప్పుడు స్విచ్చెయ్యి," అనేవాడు. నాకు ఓపిక తక్కువ. ప్రతిసారీ ఇదే గొడవ.

అలాంటి మనిషి అచ్యుతాపురంలో తను పనిచేసే ఫ్యాక్టరీలో కరెంటు ప్యానెల్ బాగుచేస్తూ షాక్ కొట్టి పోయాడు. సప్లయి ఆపించాకే చెయ్యి పెట్టాడనీ, ఎవరో చూసుకోకుండా మళ్లీ ఆన్ చేశారనీ తోటి పనివాళ్లు మాకు చెప్పారు. పెద్దకర్మ అయిన మర్నాడే ఫ్యాక్టరీ తరఫున ఇద్దరు కాగితం పట్టుకొచ్చారు. మృతుడి అజాగ్రత్త వల్లే ప్రమాదం జరిగిందనీ, ఫ్యాక్టరీ తప్పేమీ లేదనీ అందులో ఉంది. అక్క సంతకం పెడితే ఆమెకి అక్కడే ఉద్యోగం ఇస్తారట. సాయంత్రం వస్తామని వెళ్లారు.

"పిల్లని ఎలాగ పెంచాల్రా?" అంటూ అక్క పెన్ను తీసుకుంది.

నాకు రక్తం మరిగిపోయింది. ఫ్యాక్టరీవాళ్ల మీద, అక్క మీద, ఆఖరికి పోయిన బావ మీద కూడా కోపం. లోపలి గదిలోకి పోయి, బావ సగంలో వదిలేసిన సెట్టు ముందేసుకున్నాను. మిగిలిన పార్టులు టకటకా అతికించేశాను. బల్బు చెక్క గోడకి మేకు మీద వేలాడుతోంది. "నీ బల్బు నిన్నేం కాపాడింది బావా?" అని అరిచి, సెట్టు ప్లగ్గు నేరుగా సాకెట్లో గుచ్చి స్విచ్చేశాను. మధ్యాహ్నం మూడు గంటలు. కిటికీ తెరిచే ఉంది.

మేకు మీద బల్బు భగ్గున వెలిగింది.

దాని వైరు నేల దాకా వేలాడుతోంది, ప్లగ్గు నేల మీద ఉంది. నా అరుపుకి గుమ్మంలోకి వచ్చిన అక్క కూడా చూసింది.

"ఏటిరా అది? ప్లగ్గు కిందుంది కదా, ఎలాగ ఎలుగుతంది?"

నేను స్విచ్ ఆపేశాను. బల్బు ఆరిపోయింది. సెట్టు చూస్తే పెద్ద కెపాసిటరు తిరగేసి పెట్టాను, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్. అప్పటికే దాని నెత్తి ఉబ్బింది. ఇంకో రెండు క్షణాలైతే వంగి చూస్తున్న నా మొహం మీదే పేలేది. బల్బు ముట్టుకుంటే వేళ్లు చుర్రుమన్నాయి. బొబ్బలు వారం రోజులున్నాయి.

తరువాత మీటరు పెట్టి అంతా వెతికాను. చెక్కకీ సెట్టుకీ మధ్య ఒక్క వైరు లేదు. ప్లగ్గు పెట్టకుండా ఆ బల్బు మళ్లీ ఎప్పుడూ వెలగలేదు.

సాయంత్రం వచ్చినవాళ్లకి అక్క కాగితం సంతకం లేకుండానే తిరిగిచ్చింది.

"బల్బు ఎట్టకుండా ఇంట్లో పాటలపెట్టె కూడా ముట్టని మనిసి మా ఆయన. అజాగర్త అంటే నాను సంతకం ఎట్టను. అట్టుకెళ్లండి."

ఆ ఉద్యోగం పోయింది. అక్క ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఒక హోటల్లో వంట చేస్తోంది.

ఆ బల్బు ఎందుకు వెలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కాగితంలో అజాగ్రత్త అన్న మాట ఎందుకు రాశారో మాత్రం బాగా తెలుసు.