హైటెన్షన్ రాక్ కింద గురక

ఆ రోజుల్లో మా ఎమ్మిగనూరులో మంచి ఇనుము అంటే ఒక్కడు ఎత్తలేని ఇనుము అని అర్థం. జనం మందం చూసేవాళ్లు, తట్టి మోత వినేవాళ్లు, ఎత్తబోయి నడుం పట్టేస్తే తృప్తిగా కొనేవాళ్లు. ఈ నమ్మకానికి ఊళ్లో పెద్ద దిక్కు మా నాయనే. ఆయనది బీరువాల షాపు. ఆయన చేసిన బీరువా ఇంట్లోకి రావాలంటే ఆరుగురు మనుషులు కావాలి. ఇల్లు మారేటప్పుడు బీరువాను అక్కడే వదిలేసి, అప్పుడప్పుడు వచ్చి చూసుకుని పోయేవాళ్లు కూడా ఉండేవాళ్లు. (ఒక ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు దాన్ని గోడ అనుకుని క్యాలెండర్ తగిలించుకున్నారట. నేను చూడలేదు.)

అలాంటి ఇంట్లో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, గోదాముల్లో సరుకు పెట్టుకునే రాక్‌లు చేసే కంపెనీలో చేరాను. ఆ కంపెనీ గొప్పంతా పలుచదనంలోనే ఉంది. మామూలుకంటే గట్టి రకం ఉక్కు వాడతారు కాబట్టి రేకు పలుచగా ఉన్నా అంతే బరువు మోస్తుంది. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు ఒక ముక్క తెచ్చి నాయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు, అవతలి వైపు కనిపిస్తుందేమోనని.

“ఏమప్పా ఇది, అప్పడం మాదిరుండాది.”

“మందం లెక్క కాదు నాయనా. ఉక్కులోనే ఉంటాది బలం.”

“మందం లేని బలం యాడిదిరా” అని ఆ ముక్కను అమ్మకిచ్చేశాడు. అమ్మ దాన్ని పెనం మీద రొట్టెలు తిరగేయడానికి వాడుకుంది. ఆ పనికి బాగానే ఉండిందని చెప్పాలి.

నాకు అప్పజెప్పిన మొదటి పని ఆదోనిలో పడింది. దుప్పట్ల వ్యాపారం చేసే ఒక సేట్ సాబ్ గోదాము. నేల మీద పేర్చిన బేళ్లలో, అంటే బిగించి కట్టిన దుప్పట్ల మూటల్లో, అడుగువి చెమ్మ పట్టి పాడవుతున్నాయని ఆయన రాక్‌లు పెట్టించుకున్నాడు. బిగింపు పూర్తయిన రోజు హమాలీలందరినీ కూర్చోబెట్టి, ఇది హై టెన్సైల్ స్టీల్ అని ఉపన్యాసమిచ్చాను. గట్టి ఉక్కు అని ఊరుకుంటే పోయేది. (చదువు కొత్తది, మోయలేక ఎక్కడో ఒకచోట దించాలి కదా.) తెల్లారేసరికి అది హైటెన్షన్ రాక్ అయిపోయింది. హమాలీల పెద్దను అందరూ సైరన్ మామ అనేవాళ్లు. ఆయన గోదాములో పిలిస్తే రైల్వే స్టేషన్లో ఉన్నవాళ్లు కూడా పలికేవాళ్లు. ఆయన రబ్బరు చెప్పులేసుకుని వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“కరెంటు బందు చేసినావా అప్పా? మెయిన్ యాడుండాది?”

“దీంట్లో కరెంటు లేదు మామా.”

“హైటెన్షన్ అని నువ్వే సెప్తివి గదా.”

నేను రాక్ స్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని నిలబడ్డాను. నాకేమీ కాలేదు. ఇంజనీర్లకు అలవాటుంటుందేమోనన్న అనుమానంతో నన్ను ఇంకాసేపు అలాగే నిలబెట్టి, తర్వాత లోపలికి వచ్చారు.

పై అరలో బేళ్లు ఎక్కించడం మొదలైంది. సగం నిండేసరికి వాటిని మోస్తున్న బీము నడిమధ్యన కొంచెం కిందికి వంగింది. వంగాలి కూడా. ఎంత గట్టి ఉక్కయినా బరువు పడితే మామూలు ఉక్కులాగే వంగుతుంది, పలుచనిదైతే ఇంకాస్త ఎక్కువే వంగుతుంది. తేడా ఏమిటంటే, విరగదు, బరువు దించితే మళ్లీ తిన్నగా అవుతుంది. ఇదంతా నేను పుస్తకంలో చదివాను. హమాలీలు కంటితో చూశారు.

“వంగింది రోయ్” అన్నాడు సైరన్ మామ. గోదాము ఖాళీ అయింది. ఆ అరుపుకు పక్క గోదాము కూడా ఖాళీ అయిందని తర్వాత తెలిసింది.

సేట్ సాబ్ మర్యాదస్తుడు. కోపంలో కూడా బేటా అనే అనేవాడు. “చూడు బేటా, నాకు ఇనుం తెల్దు, మనుషులు తెలుసు. వీళ్లు దాని కిందికి పోకుంటే అది నాకెందుకు? సాయంత్రం లారీ పిలిపిస్తా. ఇప్పేసి తీస్కపో.” మొదటి పనే వెనక్కి వస్తే కంపెనీలో నన్ను ఉంచుకోరు. అంటే రాక్‌లతో పాటు నేనూ ఆ లారీ ఎక్కినట్టే.

సరిగ్గా అప్పుడే నాయన వచ్చాడు. షాపుకు రేకులు కొనడానికి ఆదోని వచ్చి, అమ్మ ఇచ్చిన క్యారియర్ నాకిచ్చి పోదామని. బయట నిలబడ్డ హమాలీలను, లోపల ఒంటరిగా నిలబడ్డ నన్ను, వంగిన బీమును వరసగా చూశాడు.

“వంగింది గదరా.”

“వంగుతాది నాయనా. దించితే తిన్నగైతాది.”

“లెక్క ఎవురేసినారు?”

“నేనే ఏసినా.”

మళ్లీ ఒకసారి బీము వైపు చూశాడు. అప్పడం మాట ఎత్తుతాడని ఎదురుచూశాను. ఎత్తలేదు. క్యారియర్ విప్పి జొన్నరొట్టె, చెనక్కాయల పొడి నాకు పెట్టి, తనూ తిన్నాడు. తర్వాత గుడికి పోయినట్టు చెప్పులు పక్కన విడిచి, ఆ బేళ్ల కింద ఖాళీగా ఉన్న నేల మీద తువ్వాలు పరిచాడు. “ఎండన పడి వచ్చినా. కొంచెం నడుం వాలుస్తా” అని పడుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది. అల్లాటప్పా గురక కాదు, గచ్చు మీద బీరువా ఈడ్చినట్టు.

సైరన్ మామ తలుపులోంచి తొంగి చూశాడు. “ఎవురప్పా ఆయప్ప?”

“ఎమ్మిగనూరు బీరువాలాయన గదా” అన్నాడు వెనకున్న హమాలీ. “మా అక్కోళ్లింట్లో బీరువా ఆయప్ప చేసిందే. ఇంగా జరపలేకుండారు.”

“అంత ఇనుం ఎరిగినోడు దీని కింద గురక పెడ్తాండాడంటే మనకేమి రోగం” అని సైరన్ మామ తేల్చేశాడు. “రాండి. మెల్లగ. ఆయప్ప లేస్తాడు.”

ఆ మధ్యాహ్నం బేళ్లన్నీ గుసగుసల మీదే ఎక్కాయి. సైరన్ మామ చేతి సైగలతో పని నడిపించాడు. ఆయన గొంతు లేకుండా ఆదోనిలో బేలు కదలడం అదే మొదలు, బహుశా ఆఖరు కూడా. సేట్ సాబ్ లారీ సంగతి మళ్లీ ఎత్తలేదు.

సాయంత్రం ఇద్దరం ఒకే బస్సులో ఇల్లు చేరాం. నేను నేరుగా వంటింట్లోకి పోయి అమ్మకు కథంతా చెప్పి, “నాయన గురకే నా ఉద్యోగం కాపాడిందమ్మా” అన్నాను.

అమ్మ రొట్టె తిరగేసింది. (ఆ ముక్కతోనే.) “మీ నాయన గురక పెట్టేది యాడ చూసినావురా? ఇన్నేండ్లలో నేనైతే ఇనలేదు.”

బయట నాయన కాళ్లు కడుక్కుంటున్నాడు. మామూలుకంటే ఎక్కువసేపే కడుక్కున్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. తన దృష్టిలో అప్పడమైన ఇనుము కింద, పైన పడే ఒక్కో బేలు చప్పుడు వింటూ, కళ్లు మూసుకుని ఆ మధ్యాహ్నమంతా ఆయన మేలుకునే ఉన్నాడు. బలం ఉక్కులో ఉంటుందని ఆయనకు పాఠం చెప్పిన కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం జాలి కూడా వేస్తుంది. ఇన్నేళ్లలో చాలా ఊళ్లలో రాక్‌లు నిలబెట్టాను. కొత్త రాక్ మీద బరువు ఎక్కించి, పిల్ల ఇంజనీరు బెదురు చూపులు చూస్తున్నప్పుడు, చెప్పులు విడిచి నేనూ దాని కింద తువ్వాలు పరుస్తాను. నిద్ర నటించడం వచ్చేసింది. గురకే, ఇంకా నాయనంత నమ్మకంగా రావడం లేదు.