కడ్డీ కొరికే మనిషి

ఆయనది నడిచే ఉద్యోగం. భూమిలో మంచినీటి పైపులు ఎక్కడ కారుతున్నాయో విని చెప్పాలి. రోడ్డు మీది వాల్వుకు నిలువెత్తు ఇనప కడ్డీ ఆనించి, పై కొసకు చెవి పెడితే కింద నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు తెలుస్తుంది. ముప్పై ఏళ్ళుగా తెల్లవారగానే కడ్డీ పట్టుకుని బయలుదేరతాడు. వీధివాళ్ళకు ఆయన పైపుల బావగారు. ఆయన సొంత వదినగారికి మాత్రం పని పేరు చెప్పి బలాదూరు తిరిగే మనిషి. అనేవాళ్ళకేం, నోరుంటే చాలు!

ఒకరోజు ఆఫీసు నుంచి మెమో వచ్చింది. రోజూ తిరగమని ఇచ్చిన చార్టులో లేని వీధుల్లో 'వాండరింగ్' చేస్తున్నారనీ, నడిరోడ్డు మీద ఇనప కడ్డీ కొరుకుతున్నారనీ ఫిర్యాదు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే స్టోర్‌రూములో కూర్చోబెడతారట. కిటికీ లేని ఆ గదిలో నట్లూ బోల్టుల మధ్య కూర్చోవడం ఆయన వల్ల అయ్యే పనేనా? ఓ పూట తిండి లేకపోయినా ఉంటాడు గానీ నడక లేకపోతే ఉండలేడు.

అపార్ట్‌మెంట్లో అందరి అర్జీలూ రాసిపెట్టేది ఆయన భార్యే. ముందు ఆ ఇంగ్లీషు మాట సంగతేమిటో చూద్దామని డిక్షనరీ తీసింది.

"పని లేకుండా తిరగడం. దారి తప్పడం. చెప్పే సంగతి వదిలేసి మాట ఎటో పోవడం. మనసు నిలవకపోవడం. అన్నీ మీవేనండీ, వరసగా!" అని నవ్వింది. ఆఖరి అర్థం దగ్గర గొంతు తగ్గింది. "మతి చలించడం."

"అవునవును," అన్నాడాయన నవ్వుతూ.

ఆవిడ అదే గొంతుతో, "పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి," అంది. పొయ్యి మీద పాలు లేవు.

"అవునవును."

ఆవిడ డిక్షనరీ మూసేసింది. ఎదురుగా వచ్చి కూర్చుని గట్టిగా అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి వినపడట్లేదు?"

ఆయన కుడి చెవి తడుముకున్నాడు. "ఏడాదిన్నర. కుడి చెవి పూర్తిగా, ఎడమది సగం. కడ్డీ పళ్ళతో పట్టుకుంటే ఎముకల్లోంచి తెలుస్తోంది. చప్పుడు ఎటు పోతే అటు పోతున్నా. నీళ్ళకు చార్టేం తెలుసు? కానీ ఇది రాస్తే కొంప మునుగుతుంది. కాళ్ళ నొప్పులొచ్చి నీడకు వెళ్ళానని రాయి."

"అబద్ధం రాస్తే నా చేతిరాత చెడిపోతుంది," అని ఆవిడ ఉన్నదున్నట్టు రాసింది. ఆయన మూతి ముడుచుకునే సంతకం పెట్టాడు. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

మూడో రోజు ఇంజినీరమ్మ స్వయంగా వచ్చింది. "పదండి, చూద్దాం," అంది.

చార్టులోని వీధిలో ఆయన కడ్డీ కొరికి తల అడ్డంగా ఊపాడు. మలుపు తిరిగాడు. ఇస్త్రీ దుకాణం దాటాడు. చార్టులో లేని సందులో ఆగి, కళ్ళు మూసుకుని కొరికాడు.

"ఇక్కడే మేడమ్."

ఇంజినీరమ్మ కడ్డీ కొసను కర్చీఫుతో తుడిచి తానూ పళ్ళ మధ్య పెట్టుకుంది. "అమ్మో! పళ్ళు జివ్వుమన్నాయి!" అంది. పనివాళ్ళు మోకాలి లోతు తవ్వేసరికి నీళ్ళు ఎగజిమ్మాయి.

ఆవిడ అక్కడికక్కడే చార్టులో వీధుల పేర్లు కొట్టేసింది. "వినపడిన చోటికల్లా వెళ్ళండి. కానీ ఈ వారంలో చెవుల డాక్టరుకు చూపించుకుని తీరాలి."

ఆయన ఇంటికి దాదాపు పరుగెత్తాడు. గుమ్మంలోనే భార్య చేయి పట్టుకున్నాడు. "నువ్వు అబద్ధం రాసుంటే నా బతుకు ఆ చీకటి గదిలో తెల్లారేది. నిన్ను కట్టుకోవడం నా అదృష్టమే!" అన్నాడు. అంత మాట ఆయన నోట ముప్పై ఏళ్ళలో రాలేదు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ ఏదో అంది. ఎప్పటిలా అవునవును అనబోయి ఆయన ఆగాడు. ఎడమ చెవి ఆవిడ వైపు తిప్పాడు.

"వినపడలేదే. మళ్ళీ చెప్పు."

"బూట్ల నిండా బురదండీ, బయట విప్పండి అన్నాను!" అని ఆవిడ మూడంతస్తులకూ వినపడేలా అరిచింది.