బర్రెల తేన్పులు కొలిచిన కాలం

డిగ్రీ అయినంక రెండేండ్లు ఖాళీగనే ఉన్న. నాచారంలో మా అన్న మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండె. ఆయన అద్దెకుండే రేకుల గదిలోనే నేనూ, వదినె ఉంటుంటిమి. అప్పుడు ఒక పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డు అసిస్టెంటు పని దొరికింది. బయట మేసే పసుల నోట్లెకెల్లి వచ్చే మీథేన్ గాలిని పట్టి ల్యాబుకు పంపుడు నా పని. ఇంట్ల చెప్తే మా అన్న చాలాసేపు నవ్విండు. "బర్రెలు తేన్పుతుంటే నువ్వు కొలుస్తవా చెల్లె?" అన్నడు.

ప్రాజెక్టు సార్ నన్ను మొదటిసారి ఉప్పల్ కింద మూసీ ఒడ్డుకు తీస్కపోయిండు. మోరీనీళ్లకు పెరిగిన గడ్డి నడుమెత్తు ఉన్నది. అండ్ల ఒక పెద్దాయన మందను మేపుతున్నడు. వాళ్లది ఉప్పల్లో తాతల నాటి ఇల్లు. పొలాలు ఎప్పుడో ప్లాట్లైనయి. పాలు మానిన బర్రెలను, దున్నపోతులను తెచ్చి, ఒళ్లు పట్టేదాకా మేపి కోతకు అమ్ముడు ఆయన బతుకుదెరువు. నేను కాకా అని పిలిచిన. ఆయన బిడ్డా అన్నడు.

సార్ ఆయనకు ఓపికగా చెప్పిండు. పసులు మేసింది కడుపులో పులుస్తుంటే ఒక గాలి పుడతదని, అది తేన్పుల్లో బయటికొచ్చి, పైకి పోయి భూమి వేడిని పట్టి ఉంచుతదని.

"మరి మందను తీసెయ్యమంటరా సార్?" అన్నడు కాక.

"అట్లేం లేదు. ఊరికే కొలుస్తం."

పసులకు జబ్బు చేస్తే మా డాక్టరు వచ్చి చూస్తడని సార్ మాటిచ్చిండు. ఆ మాట మీదనే కాక ఒప్పుకున్నడు.

పసరం తలకు పగ్గం కట్టి, ముక్కు మీదికి సన్న గొట్టం పెట్టి, ఆ గొట్టాన్ని మెడకు కట్టిన స్టీలు డబ్బాకు తగిలించాలె. మరునాడు పొద్దున గాలి నిండిన డబ్బా ఇప్పి కొత్తది కట్టాలె. చాలా పసులు తల విదిలించి గొట్టం తెంపేటియి. ఒక కొమ్ము కిందికి వంగిన బర్రె ఒక్కటే కదలకుండ నిలబడేది. నేను పగ్గం బిగిస్తుంటే నా భుజం మీద మూతి పెట్టి ఊపిరి ఇడిసేది. పచ్చిగడ్డి వాసన, పులిసిన వాసన కలిసి వచ్చేది. కాక దాన్ని ఆ ఎండాకాలమే కసాయికి ఇద్దామనుకున్నడు. డబ్బాకు అలవాటు పడ్డ పసరం మళ్లీ దొరకదని సార్ బతిమాలితే ఉంచిండు. అట్ల అది మాకోసమే బతికింది. చాన్నాళ్లు బతికింది.

ఈలోగ ఒడ్డు పోయింది. ముందు హద్దురాళ్లు వచ్చినయి, తర్వాత ప్రహరీలు, ఆ తర్వాత లారీలకు లారీలు మొరం. మిగిలిన గడ్డి మీద భవనాలు కూలగొట్టిన చెత్త తెచ్చి పోసిన్రు. కాక మందను మేడిపల్లి దిక్కు తోలిండు. అక్కడ గూడ కొత్త కాలనీలే. ఆఖరికి పసులు రోడ్డు పక్క కుప్పల మీద పడ్డయి. ఫంక్షన్ హాళ్ల వెనుక పారేసిన అన్నం, కవర్లతో సహా మింగేటియి. కాక కట్టెతో అదిలిస్తడు, అవి ఇంకో కుప్ప మీదికి పోతయి. ఎంతకని అదిలిస్తడు? మా ప్రాజెక్టు గూడ సగం సగమైంది. డాక్టరు మానేసిండు, ఇంకొకరు రాలేదు.

ఒకనాడు తెలంగాణ బంద్. బస్సుల్లేవు. పొద్దున డబ్బా ఇప్పుదామని నాచారం నుంచి ఉప్పల్లో కాక కొట్టం దాకా నడుసుకుంట పోయిన. కొమ్ము వంగిన బర్రె నాలుక బయటపెట్టి నిలబడ్డది. ఎడమ డొక్క ఉబ్బి, వెన్ను కంటే పైకి లేచింది. వేలితో కొడితే డప్పు లెక్క మోగింది.

"తేన్పు వస్తలేదు బిడ్డా," అన్నడు కాక.

నూనె తాపిండు. ముందుకాళ్లు మట్టికుప్ప మీదికి ఎక్కిచ్చి నిలబెట్టిండు. నోట్లె అడ్డంగ కట్టె కట్టిండు, నములుతే తేన్పు వస్తదని. రాలేదు. పసుల దవాఖానాకు తాళం. సార్‌కు ఫోన్ చేసిన. ఆయన ఢిల్లీలో ఉన్నడు. "డబ్బా ఇప్పెయ్యమ్మా, ఆ గాలి లెక్కకు రాదు," అన్నడు. తర్వాత, "నేనేం చేయలేను" అన్నడు.

డబ్బా ఇప్పిన. మధ్యాహ్నానికి ఎవరో మేడిపల్లి నుంచి ఒక డాక్టరును గల్లీల పొంటి స్కూటరు మీద తెచ్చిన్రు. ఆయన డొక్కలో లావు సూది దింపిండు. గాలి బుస్సుమన్నది. వాసనకు అందరం మొహాలు తిప్పుకున్నం. డొక్క జర దిగింది. కాక దాని చెవి పట్టుకొని ఏదో చెప్తున్నడు. ఇంతలోనే దాని మోకాళ్లు మడతపడ్డయి. ఆ పడుడు మళ్లీ లేవలేదు.

కోసి చూస్తే కడుపు నిండా కవర్లు, తాళ్లు పేనుకొని ఒక్క ముద్దైనయి. నీళ్లబిందె అంత ఉన్నది. కాక దాని ముందు కూసొని, "గిదా నువ్వు మేసింది," అన్నడు. ఏండ్లకేండ్లు నేను డబ్బాలకు పట్టిన గాలే. బయటికి తొవ్వ లేక దాన్ని చంపింది.

సార్ రిపోర్టు రాసిండు. నాసి మేత తినే పసుల్లో గాలి ఎక్కువ పుడతదని, అక్కరకు రాని పసులను తగ్గించి మంచి మేత పెట్టాలని ఉన్నది. ఒక్క మాట గూడ అబద్ధం కాదు. ఆ మేత ఎక్కడ మొలవాల్నో మాత్రం అండ్ల లేదు.

నెల తిరగక ముందే కాక మందను లారీ ఎక్కిచ్చిండు. నేను పక్కనే నిలబడ్డ. చిన్న దున్న ఒకటి లారీకి ఆనిచ్చిన చెక్క మీద కాలు పెట్టక మొరాయించింది. ఆయనే నెట్టిండు. లారీ పోయినంక తువ్వాలతోని చేతులు తుడుసుకుంట, "ఇగ ఆ గాలి తగ్గుతది గదా బిడ్డా," అన్నడు. ఎగతాళి లేదు, నిజంగనే అడిగిండు.

"జర తగ్గుతది కాకా," అన్న.

ప్రాజెక్టు ముగిసింది. నేను ఏఎస్ రావు నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో సైన్సు చెప్పుడుకు కుదిరిన. రాష్ట్రం వచ్చిన రోజుల్లో కాకకు పక్షవాతం వచ్చిందని తెలిసి ఉప్పల్ పోయిన. కోడలు గంజి తాపుతున్నది. కాకకు మాట పడిపోయింది. నేను చెయ్యి పట్టుకొని కూసున్న. ఆయన కండ్లు నా దిక్కు తిరిగినయి గానీ, ఎక్కడా ఆగలే.

"గుర్తు పట్టిండంటవా అక్కా?" అని అడిగిన.

"ఏమో," అన్నదామె, ఆయన మూతి తుడుసుకుంట. "మమ్ముల గూడ పడ్తలేడు."

బయట రోడ్డు మీద తెలంగాణ వచ్చిందని ఊరేగింపు. బస్సులు ఆగిపోయినయి. మొహం నిండా గులాల్ పూసుకున్న ఒకామె నా చేతిలో లడ్డు పెట్టి, తిను చెల్లె అన్నది. తిన్న. బస్సు కోసం చాలాసేపు నిలబడ్డ.