పందెం గీతను మేసేసిన మేక

కూపర్స్ గ్యాప్ బడిలో పిల్లలకు పరుగు నేర్పే ఎగ్బర్ట్ మాస్టారికి ఒళ్ళంతా రాయిలా ఉండేది, కడుపు ఒక్కటే మండేది. ఆ మంట పేరు పిన్నక్. లోయకు ఇవతలి కొండ మీద ఈయన బడి, అవతలి కొండ మీద పిన్నక్ పరుగు నేర్పే బడి. అక్కడ పిన్నక్ తుమ్మితే ఇక్కడ ఎగ్బర్ట్‌కు వినిపించేది. ఆ తుమ్ములో కూడా గర్వం ఉందని భార్య మెర్లీన్‌తో అనేవాడు.

జమైకా కొండల్లో పిల్లలు పాకడం మానగానే పరుగు మొదలుపెడతారు, నడక ఎప్పుడో తీరిక దొరికినప్పుడు నేర్చుకుంటారు. అన్ని పరుగుల్లోకీ గొప్పది మైదానం చుట్టూ ఒకే ఒక్క చుట్టు, పావుమైలు. నూరు గజాలు కాళ్ళతో పరిగెత్తవచ్చు. మైలు ఊపిరితో పరిగెత్తవచ్చు. పావుమైలులో ఆ రెండూ అయిపోయాక కూడా కొంత దారి మిగులుతుంది. ఆ మిగిలిన దారికి సరిపడేది ఏదో పిన్నక్ దాచుకున్నాడనీ, తనకు చెప్పడం లేదనీ ఎగ్బర్ట్ ఏడుపు.

క్రిస్మస్ సెలవులు కాగానే పావుమైలు పిల్లల సాధనకు పథకం వేసుకోవాలి. మొదట కొండ ఎక్కించి కాళ్ళు గట్టిపరచాలి, తరవాత దూరం పరుగులతో ఊపిరి పెంచాలి, పోటీలు దగ్గరపడ్డాక తక్కువ పరుగులు, ఎక్కువ విశ్రాంతి. ఈ మాత్రం ఎగ్బర్ట్‌కూ తెలుసు. కానీ పిల్లల కాళ్ళు చూసి వేయాల్సిన పథకాన్ని ఆయన లోయ అవతలికి చూసి వేసేవాడు. పిన్నక్ తన పిల్లల్ని కొండ ఎక్కిస్తే ఈయన అంతకన్నా నిటారు కొండ వెతికేవాడు. ఆ కొండ మీంచి మేకలు సైతం కూర్చుని జారుతూ దిగేవి. పిన్నక్ పొద్దున్నే మొక్కజొన్న జావ పోయిస్తున్నాడని తెలిసి ఈయన రెండింతలు పోయించాడు. పిల్లలు పరిగెడుతుంటే కడుపుల్లో జావ ఘంటానాదం చేసింది. ఒక ముసలమ్మ అది చర్చి గంటే అనుకుని తలకు గుడ్డ చుట్టుకుని ప్రార్థనకు వచ్చేసింది.

విచిత్రం ఏమిటంటే, సొంత మైదానంలో ఎగ్బర్ట్ పిల్లలు ఏటేటా వేగం పెంచుకునేవారు. గడియారమే సాక్షి. జిల్లా పోటీలకు వెళ్ళేసరికి మాత్రం చివరి మలుపు దాకా అందరికన్నా ముందుండి, గీతకు కాస్త ఇవతల, రంగు ఐసు అమ్మే బండి ఎదుట, మోకాళ్ళు బిగిసి నిలబడిపోయేవారు. ఏ ఏడైనా అదే బండి, అదే చోటు. జనం ఆ చోటికి ఎగ్బర్ట్ సమాధి అని పేరు పెట్టి, పిల్లలు అక్కడికి చేరగానే టోపీలు తీసేవారు.

గెలిచిన ఏడు కోసి ఊరందరికీ మేకతల సూపు పోస్తానని ఆయన ఎప్పుడో ఒక మేకపిల్లను తెచ్చాడు. దానికి విక్టర్ అని పేరు. గెలుపు రాలేదు, విక్టర్‌కు గడ్డం వచ్చింది. అది చుట్టూ ఉన్న గడ్డి అంతా మేసేసినప్పుడల్లా ఎగ్బర్ట్ దాని మెడతాడు కొంచెం పొడిగించేవాడు.

ఆ ఏడు ఆయన ఆశంతా డెస్రీన్ మీద. కొంగలాంటి కాళ్ళున్న ఆ పిల్లను పెంచేది మామ్మ మిస్ ఐవీ, సంతలో పెండలం దుంపలు అమ్ముకునే మనిషి. పోటీలు రెండు వారాలున్నాయనగా ఆమె అంగడి ముందు ఎగ్బర్ట్‌ను అందరిలో నిలబెట్టేసింది.

"మాస్టారూ, నా మనవరాలు మళ్ళీ ఆ ఐసు బండి దగ్గర కూలబడిందనుకో, వచ్చే సెలవులయ్యాక పిన్నక్ బడికి పంపించేస్తా."

"అదేం మాట మిస్ ఐవీ! దాన్ని నేను ఇంతప్పటి నుంచి..."

"ఇంతప్పటి నుంచీ ఐసు బండి దాకా తెచ్చావు. అక్కడి నుంచి ఆయన తీసుకెళ్తాడులే."

అంగడంతా నవ్వింది. ఎగ్బర్ట్ నవ్వలేదు. పిన్నక్ వాళ్ళ పసుపు చొక్కాలో డెస్రీన్ కనిపించింది ఆయన కళ్ళకు. పుండు మీద కారం చల్లినట్టయింది.

మర్నాడు సాయంత్రం ఆయన లోయ దాటి వెళ్ళి, పిన్నక్ మైదానం పక్కన, ఆ దేశంలో మానుగా పెరిగే మిరియాల చెట్టెక్కి ఆకుల్లో దాక్కున్నాడు. రహస్యం ఇవాళ దొరకాల్సిందే. కింద పిల్లలు ఒక చుట్టు పరిగెత్తారు. తరవాత వెల్లకిలా పడుకున్నారు. చాలాసేపు పడుకున్నారు. లేచి మరో చుట్టు పరిగెత్తి మళ్ళీ పడుకున్నారు. మంత్రం లేదు, మందు లేదు. వీళ్ళేనా మా పిల్లల్ని కొట్టేది అని ఆయన పళ్ళు కొరుకుతుండగా కింది నుంచి గొంతు వినిపించింది.

"మాస్టారూ, మామిడికాయలు కావాలంటే ఆ పక్క చెట్టు. ఇది మిరియాలది."

పిన్నక్ నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తున్నాడు. ఎగ్బర్ట్ దిగాడు. చొక్కా ఒక కొమ్మకు మిగిలిపోయింది.

"దొంగతనంగా చూడ్డం దేనికయ్యా? అడిగితే కుర్చీ వేసేవాణ్ణిగా," అన్నాడు పిన్నక్.

"నీ కుర్చీ ఎవడిక్కావాలి! నీ మోసం ఇప్పుడు తెలిసింది నాకు. నీ మైదానం పావుమైలు కన్నా పెద్దది. మా చుట్టు ఇంత ఉండదు!"

"రోడ్డు వేసే ఇంజినీరు ఇనుప టేపుతో కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. మీదెవరు కొలిచారు?"

"మా తాడు కొలుస్తుంది. ఓడ తాడు! నాలుగు సార్లు పరిస్తే పావుమైలు. మా హెడ్మాస్టరు గారి తాత నాటి నుంచీ అంతే."

"తాడు ఇంకా అంతే ఉందా, లేక మీరే అంతేనా?" అని నవ్వి పిన్నక్ వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు ఎగ్బర్ట్ వెనకాలే లోయ దిగింది, కొండ ఎక్కింది, ఇంటి గేటు దాకా వచ్చింది. గేటులో కాలికేదో తగిలి ఆయన బోర్లా పడ్డాడు. విక్టర్ తాడు. పెరట్లో గుంజకు కట్టిన మేక ఇల్లు చుట్టి వచ్చి, వీధి వైపు మెర్లీన్ వేసుకున్న తోటకూర మడిలో తాపీగా మేస్తోంది.

"ఇంత పొడుగు తాడు ఎవరు కట్టారే దీనికి?" అని అరిచాడు.

"ఇంకెవరు, నువ్వే. ఏడాదికో ముక్క ముడేస్తున్నావుగా."

"నేనెక్కడి నుంచి తెచ్చాను?"

"నాకేం తెలుసయ్యా? మైదానం కొలిచి వచ్చినప్పుడల్లా ఓ ముక్క పట్టుకొస్తావు. కొస చీకిపోయింది, కోసేశానంటావు."

ఎగ్బర్ట్ తోటకూరలోనే కూర్చుండిపోయాడు. వానలకు సున్నపు గీతలు చెరిగిపోతాయి కనుక ప్రతి జనవరిలోనూ ఆ తాడుతో కొత్తగా కొలుస్తారు. కొస చీకితే కోయడం, కోసింది పారేయడం ఎందుకని మేకకు కట్టడం. మేకకు ఒక మూర పెరిగితే మైదానం చుట్టూ నాలుగు మూరలు తరిగాయి. పందెం గీత ఏటా కాస్త కాస్త వెనక్కి జరుగుతూ వచ్చింది. పిల్లల వేగం పెరగలేదు, దారి తరిగింది. వాళ్ళ కాళ్ళు ఐసు బండి దగ్గర ఆగిపోవడంలో వింతేముంది? వాటికి నేర్పిన పావుమైలు అక్కడితో సరి.

తెల్లారకుండానే విక్టర్ మెడ నుంచి ముక్కలన్నీ విప్పి, ఓడ తాడుకు మళ్ళీ ముడేసి కొలిచాడు. కొత్త గీత పాత గీతను దాటింది, బడి గంట స్తంభాన్ని దాటింది, హెడ్మాస్టరు గారి కందిమడి అంచున ఆగింది. డెస్రీన్‌ను పిలిచి అంతా చెప్పాడు. అబద్ధమాడదామని నోటిదాకా వచ్చింది గానీ, పసుపు చొక్కా గుర్తొచ్చి మానుకున్నాడు.

డెస్రీన్ పాత గీత చూసింది, కొత్త గీత చూసింది. "అయితే నేను చచ్చుదాన్ని కాదన్నమాట," అంది.

"కాదమ్మా."

"ఊరంతా నన్ను చూసి టోపీలు తీశారు, మాస్టారూ."

 ఆ సాయంత్రమే ఎగ్బర్ట్ పలక తుడిచి కొత్త పథకం రాశాడు. మొదటిసారి లోయ అవతలికి చూడకుండా, ఎదురుగా ఉన్న పిల్ల కాళ్ళు చూసి రాశాడు. కొండ లేదు, రెండింతల జావ లేదు. మొదటి మలుపులో జోరు, ఎదుటి దారిలో భుజాలు వదులు, చేయి బిగించకుండా సాగిపోవడం. తరవాత వెల్లకిలా పడుకుని బాగా విశ్రాంతి. ఇది పిన్నక్ పిల్లలు చేసిందే కదా అని మనసు గిల్లింది. గిల్లనీ అనుకున్నాడు. చివరన, అలసిన కాళ్ళతో పాత గీత నుంచి కొత్త గీత దాకా పరుగు. ఆ ముక్కను డెస్రీన్ రోజూ తిట్టుకుంటూ పరిగెత్తింది.

జిల్లా పోటీల రోజున ఐసు బండి దగ్గర జనం గుమిగూడారు. చివరి మలుపులో పిన్నక్ వాళ్ళ మార్వలిన్ ముందుంది, వెనకే డెస్రీన్. బండి రాగానే టోపీలు లేచాయి. డెస్రీన్ ఆగలేదు. టోపీలు అలాగే గాలిలో ఉండిపోయాయి. కందిమడి కనిపించినట్టు తల ముందుకు వంచి, మార్వలిన్‌ను దాటి, రొమ్ముతో దారం తెంచింది.

మిస్ ఐవీ దుంపల బుట్ట నెత్తిన ఉండగానే గంతులేసింది. "ఎక్కడికీ పంపను మాస్టారూ! సూపు ఎప్పుడు?"

సూపు! ఎగ్బర్ట్ ఊరినంతా వెంటేసుకుని ఇంటికి వెళ్ళాడు. మెర్లీన్ నీళ్ళు మరగబెట్టి గేటు దగ్గర నిలబడి ఉంది. "తాడు విప్పావు, మళ్ళీ కట్టావా? ఇన్నాళ్ళూ పెరట్లోనే తిరిగింది గానీ, పొద్దుటి నుంచీ అది కనపడటం లేదు," అంది.

పొద్దు వాలుతుండగా లోయ అవతల జాడ దొరికింది. విక్టర్ పిన్నక్ మైదానం మధ్యలో నిగనిగలాడుతూ మేస్తోంది. ఎగ్బర్ట్ పిలిచాడు, బతిమాలాడు, చెవి పట్టి లాగాడు. అది కదల్లేదు.

"నేను పిలవలేదు మాస్టారూ, అదే వచ్చింది," అన్నాడు పిన్నక్. ఓడిపోయిన వాడి ముఖంలా లేదది.

ఎగ్బర్ట్ గెలిచిన మనిషి. చేతిలో కప్పు కూడా ఉంది. అయినా మేక వంక చూశాడు, దాని కింది పచ్చిక వంక చూశాడు. చివరికి ఉండబట్టలేక పిన్నక్ దగ్గరికి జరిగి మెల్లగా అడిగాడు:

"ఏం గడ్డి వేస్తావయ్యా నువ్వు?"