ఊరి నడుములు తొక్కిన కాలు

ఇన్నేళ్ళలో మా ఊళ్ళో నా ఎడమకాలిని వాడుకోని ఇల్లు లేదు. ఆ కాలు ఎలా ఉందని అడిగిన మనిషి మాత్రం లేడు. ఈ మాట చెబుదామని నేను నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు వానల సంగతో, ఎండిపోయిన బోరు సంగతో ఎత్తేవాళ్ళు. అందుకే రాస్తున్నాను. రాసినదాన్ని మధ్యలో ఆపి మాట మార్చలేరు కదా.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల కంటే ముందు పాదాలు బయటికి వచ్చాయట, అందులోనూ ఎడమది ముందు. మా తర్లుపాడు చుట్టుపక్కల పల్లెల్లో, అలా పుట్టినవాడి కాలు తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని నమ్మకం. పొద్దున్నే పరగడుపున చాప వేసుకుని బోర్లా పడుకుంటారు. నేను చెప్పులు విడిచి, ఎడమకాలితో నడుము మీద నెమ్మదిగా తొక్కాలి. పడుకున్నవాళ్ళు పెద్దవాళ్ళయితే ఆ తర్వాత వాళ్ళ కాళ్ళకు మొక్కాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే పని. చిన్నప్పుడు నిద్రపోతున్నవాణ్ణి భుజాన వేసుకుపోయి తొక్కించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. పని అయ్యాక కాఫీ ఇచ్చిన ఇళ్ళేవో, ఇవ్వని ఇళ్ళేవో నాకు ఇప్పటికీ గుర్తే.

ఈ కాలు చెడిన ఏడు కందులు బాగా పండాయి. కళ్ళంలో రాశి దగ్గరికి మేము చెప్పులతో పోము, గట్టు మీదే విడిచి పోతాం. మా చేనుకు ఎగువన పాత పలకల గని ఉంది. అక్కడి పలక పెంకులు వానలకు కొట్టుకొచ్చి మా గట్టంతా పరుచుకుని ఉంటాయి. కందుల గోతాం దించి వెనక్కి అడుగు వేసినప్పుడు ఒక పెంకు ఎడమ మడమలో దిగింది. లాగి పారేశాను. ఇంటికి వస్తే మా ఆవిడ పసుపు పెట్టింది. నాకు షుగర్ ఉంది. మాత్రలు వేసుకుంటున్నాను కదా, ఇంకేం భయం అనుకున్నాను.

కొద్దిరోజులకు కాలు కింద పెడితే జివ్వుమనడం మొదలైంది. మా ఇంటికీ మా అన్న ఇంటికీ మధ్య ఒకటే గోడ. అన్న తన అరుగు మీద నలుగురితో కూర్చుని ఉంటే పోయి చెప్పాను.

"అన్నా, మడమ బాగా నొప్పిగా ఉండాది. మార్కాపురం పోయి చూపిచ్చుకుంటా. తోడొస్తావా?"

అన్న నన్ను కిందినుంచి పైదాకా చూసి నవ్వాడు.

"ఊరందరికీ మందు నీ కాలు. మందుకు మందేందిరా?"

అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎవరెవరు ఎక్కడ కూర్చుని నవ్వారో కూడా చెప్పగలను. నేను మార్కాపురం పోలేదు. తోడు వచ్చేదాకా పోకూడదనుకున్నాను.

ఆ తర్వాత నొప్పి దానంతటదే తగ్గింది. సంతోషించాను. పాదం కింద దూది పరిచినట్టు ఉండేది, అది కూడా నయం కావడంలో భాగమే అనుకున్నాను. ఒకరోజు బస్సు దిగి ఇంటికి నడిచి వచ్చి గడప దగ్గర చూసుకుంటే కుడికాలికి చెప్పు ఉంది, ఎడమకాలికి లేదు. దారిలో ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. గోడ అవతల నుంచి అన్న చూడనే చూశాడు.

"ఒరే, చెప్పు పోతే కాలికి తెలీదా? తాగినావా ఏంది?"

నేను జన్మలో కల్లు ముట్టలేదు. ఆ సంగతి ఊరికి తెలుసు. అయినా ఆ మాట ఊరంతా తిరిగింది. మర్నాడు ఎవరో ఆ చెప్పు తెచ్చి మా గేటుకు తగిలించారు. ఎవరో కనుక్కున్నాను, కానీ ఇక్కడ చెప్పను.

కొన్నాళ్ళకు మా వదినకు నీళ్ళ బిందె ఎత్తబోయి నడుము పట్టేసింది. తెల్లవారుతుండగానే అన్న వచ్చి పిలిచాడు. అన్న మీద కోపం అన్న మీదే. వదిన నాకు చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టిన మనిషి. వెళ్ళాను. ఆమె చాప మీద బోర్లా పడుకుంది. నేను కాలు మోపానో లేదో ఉలిక్కిపడింది.

"అబ్బయ్యా, తియ్యి తియ్యి! ఏందది, పెనం మాదిరి కాలతా ఉండాది?"

"ఎండన పడి వచ్చినా వదినా."

"పొద్దే పొడవలేదు, ఎండ యాడిది? ఆ రెండో కాలు పెట్టు." పెట్టాను. "ఇది చల్లగానే ఉండాదే."

వదిన నడుము పట్టుకునే లేచింది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, లైటు కిందికి కాలు ఎత్తి చూసింది. అరికాలు నాకు కనిపించలేదు. వదిన ముఖం కనిపించింది, అది చాలు. మడమ కింద నల్లబడి, చుట్టూ ఎర్రగా కంది, పాదం ఉబ్బి ఉందట.

"నొక్కినా. నొస్తా ఉందా?"

"లేదు వదినా."

"యాడ నొక్కినా?"

చెప్పలేకపోయాను.

"నొప్పి లేదంటున్నాడు కదా, మంచిదేగా," అన్నాడు అన్న.

వదిన విసురుగా తిరిగింది. "మన మేకకు గిట్ట చెడితే అది కుంటలేదా? ఇంత వాచినా కుంటకుండా తిరిగే మనిషిని నేను యాడా చూళ్ళేదు. పో, ఆటో పిలువు."

నేను మంచం దిగలేదు. తోడు రమ్మన్నప్పుడు రానివాళ్ళు ఇప్పుడు నోరు తెరిచి అడిగితేనే కదులుతానన్నాను. వదిన ఒక చేత్తో తన నడుము, ఇంకో చేత్తో నా రెక్క పట్టుకుంది.

"ఆస్పత్రి నుంచి వచ్చినాక అలుగుదువుగాని. అప్పుడు నీతోపాటు నేనూ అలుగుతా. లెయ్యి."

ఆటోలో అన్న కూడా ఎక్కాడు. మార్కాపురంలో చూసింది చిన్న వయసు డాక్టరమ్మ. ఎప్పటినుంచి నొప్పి అని అడిగింది. నొప్పి లేదమ్మా, తగ్గిపోయింది అన్నాను. ఆ మాట వినగానే ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. కళ్ళు మూసుకోమని చెప్పి, సన్నటి నైలాన్ దారంలాంటి దానితో పాదం తాకుతానని, తగిలినప్పుడల్లా చెప్పమని అంది. కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఇంకా మొదలుపెట్టలేదేమా అని కళ్ళు తెరిస్తే పరీక్ష అయిపోయింది.

"నడుస్తున్నప్పుడు చెప్పు తెలియకుండా జారిపోవడం ఉందా?" అని అడిగింది.

నేను అన్న వైపు చూశాను. అన్న ఫ్యాను వైపు చూశాడు.

"జారింది తల్లీ. ఊరంతా నవ్వినారు."

"నవ్వాల్సిన విషయం కాదు. ఆ రోజే రావాల్సింది."

మా అన్నకు చెవులు కొంచెం మందం, ఆ మాట ఇంకోసారి చెప్పు తల్లీ అన్నాను. ఆమె గట్టిగా చెప్పింది. నా జీవితంలో అంత తృప్తిగా విన్న మాటలు తక్కువ.

పుండు కోసి శుభ్రం చేస్తే లోపల కందిపప్పు బద్దంత పలక ముక్క దొరికింది. కొన్నాళ్ళు ఆస్పత్రిలోనే ఉంచి సూదులు వేశారు. చీము ఎముక దాకా పోలేదు కాబట్టి పాదం దక్కిందని, ఇంకొంత ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ అంది. ఎక్కువ నడిచినందుకు వచ్చిన నొప్పి విశ్రాంతితో కొద్దిరోజుల్లో తగ్గితే పరవాలేదట. షుగర్ ఉన్నవాళ్ళకు మాత్రం పాదం మీద గాయం పడితే, ఎంత చిన్నదైనా, ఆగకూడదట. వాపు, వేడి, ఎరుపు, చీము, జ్వరం కనిపించినా, పాదం మొద్దుబారినా, చల్లబడి రంగు మారినా వెంటనే రావాలట. పడిన తర్వాత కాలు కింద మోపలేకపోతే షుగర్ లేనివాళ్ళు కూడా రావాల్సిందేనట. గాయం మానకుండా నొప్పి పోతే సంతోషించొద్దని నాకు విడిగా చెప్పింది. ఒట్టికాళ్ళతో నడవడం, నడుములు తొక్కడం మానేయమంది.

ఇప్పుడు నాకు మెత్తటి అట్ట ఉన్న చెప్పులు ఉన్నాయి, వెనక పట్టీ ఉంది, జారిపోవు. కళ్ళంలోకి కూడా వాటితోనే పోతాను, రాశికి దండం పెట్టి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మా ఆవిడ నా అరికాళ్ళు తిప్పి చూస్తుంది. వదిన గోడ అవతల నుంచే "చూసినావా?" అని కేకేస్తుంది. ఇద్దరూ కలిసి నా కాళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే అరుగు మీద కూర్చుని వింటుంటాను. వినడానికి బాగుంటుంది. ఆలస్యంగానైనా బాగుంది.

ఈ ఉదయం గోడ అవతల మూలుగు వినిపించింది. అన్నకు నడుము పట్టేసింది. చాప వేసుకుని బోర్లా పడుకుని, అలవాటుకొద్దీ నన్ను పిలిచాడు.

"రారా, ఒక్కసారి తొక్కిపో."

"డాక్టరమ్మ వద్దనింది కదా. మార్కాపురం పోదాం. ఆటో పిలుస్తా, తోడు నేనొస్తా."

"అయితే పిలువు మరి."

చాప పక్కన కూర్చుని అన్నాను: పిలుస్తా. కానీ అన్నా, నువ్వు లేచిపోయే వీలు లేకుండా ఇట్ల దొరకడం ఇదే మొదటిసారి. వానల సంగతి వద్దు, బోరు సంగతి వద్దు. ఆ రోజు మడమ నొప్పిగా ఉండాదన్నా అని నీ అరుగు దగ్గరికి వచ్చి చెబితే ఎందుకు నవ్వినావు? చెప్పు. ఆటో వచ్చేలోపల చెప్పు.