నూట అరవై మూడు మార్కులు, మూడు కాళ్ళ ప్యాంటు

టైలరు మాస్టారి కూతురు ఒకసారి మూడు కాళ్ళ ప్యాంటు కుట్టింది. పొడుగు గుమస్తాగారు దాన్ని తొడుక్కుని వీధి చివరిదాకా నడిచారు. మూడో కాలు వెనక తోకలా ఊగుతుంటే రెండు కుక్కలు మర్యాదగా పక్కకు తప్పుకున్నాయి. సరే, వీధి చివరిదాకా అన్నది కాస్త ఎక్కువే. ఆయన కొట్లోని తెర దాటి ఇవతలికి రాలేదు. కుక్కలు కూడా లేవు. కాళ్ళు మాత్రం మూడే, ఆ లెక్కలో తగ్గేది లేదు.

ఆ పిల్లకు పెట్టిన పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది కనక వీధి మొత్తానికీ ఆమె టేపే. పంతొమ్మిదేళ్ళు. పొద్దున కోచింగు, మధ్యాహ్నం నుంచి కొట్లో మిషను. పశువైద్య కళాశాల ప్రవేశ పరీక్ష గెలవాలని పట్టు. “మనుషులు కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చి అబద్ధం చెప్తారు. గొడ్లకు ఆ బుద్ధి లేదు, నేను వాటికే వైద్యం చేస్తాను” అనేది.

కోచింగులో ప్రతి ఆదివారం నమూనా పరీక్ష. మూడు వందలకు రెండు వందలు దాటితే సీటు మీద ఆశ పెట్టుకోవచ్చు. టేపుకు మొదట రెండు వందల పద్నాలుగు వచ్చాయి. ఆ మరుసటి వారం రెండు వందల తొమ్మిది. దానికి రెండు గంటల చదువు పెంచింది. నూట ఎనభై ఏడు వచ్చాయి. ఇంకో రెండు గంటలు పెంచింది. బిందె కారుతుంటే చిల్లు వెతకడం మానేసి నీళ్ళు పోస్తూ కూర్చున్నట్టు.

ఇంట్లో మార్కులు ఎవరూ అడిగేవారు కాదు. అడగాల్సిన పని లేదు. నాయనమ్మ మంచం మీద నుంచే చెప్పుల చప్పుడు విని చెప్పేసేది. “ఈడుస్తోంది. నూట తొంభై లోపే.”

గుమ్మం దగ్గర కూర్చుని కాజాలు కుట్టే పిన్ని ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పిన్నే. ఆమె దగ్గర సలహాలకు కరువు లేదు. “పాదాలు చన్నీళ్ళ బకెట్లో పెట్టుకుని చదవవే, నిద్ర దగ్గరికి రాదు” అంది. టేపు పెట్టుకుంది. బకెట్లో పాదాలతోనే నిద్రపోయింది. లేచేసరికి వేళ్ళు ముడతలు పడి నాయనమ్మ వేళ్ళకు పోటీ వచ్చాయి.

ఆవు కడుపుకు నాలుగు గదులన్న వాక్యాన్ని టేపు పదకొండు సార్లు చదివింది. ఈలోగా నిజం ఆవైతే మేసి, నెమరేసి, అరిగించుకుని మళ్ళీ మేతకు వెళ్ళి ఉండేది. టేపుకు మాత్రం గదులు మూడో నాలుగో తేలలేదు. దారపు ఉండ అయిపోతే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నాలుగో ఆదివారం నూట అరవై మూడు వచ్చాయి. అసలు పరీక్ష ఇంకా మూడు వారాలే.

సోమవారం పొడుగు గుమస్తాగారు ట్రయల్‌కు వచ్చారు. ఒకే గుడ్డలో రెండు ప్యాంట్లు. కత్తిరింపు మాస్టారిది, కచ్చా కుట్టు టేపుది. ఆయన తెర వెనక్కి వెళ్ళారు. తెర రెండు మూడుసార్లు కదిలింది.

“అమ్మాయ్,” లోపల్నుంచి నెమ్మదిగా అడిగారు, “ఇందులో నాతోపాటు ఇంకెవరు దిగాలి?”

నాలుగు కాళ్ళలో మూడు ఒకే నడుముకు చేరాయి. నాలుగోది మేకుకు ఒంటరిగా వేలాడుతోంది. పిన్ని సూది నోట్లో పెట్టుకుని మరీ నవ్వింది. అది ఎంత ప్రమాదమో ఆ తరవాత అందరికీ చెప్పింది.

టేపు నవ్వలేదు. మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టింది. “నేను పరీక్ష రాయను నాన్నా. నా బుర్రలో ఉన్నది అయిపోయింది. ఇక్కడే కాజాలు కుట్టుకుంటాను.”

“కాజాలంటే అంత లోకువా?” అంది పిన్ని.

మాస్టారు కూతుర్ని తిట్టలేదు, బుజ్జగించనూ లేదు. ఆ కొట్లో ఒక కట్టుబాటు ఉంది. పని తప్పినవాళ్ళు, మాస్టారైనా సరే, ఆ రోజుకు కొత్త గుడ్డ ముట్టుకోకూడదు. తప్పు కుట్లు విప్పడం ఒక్కటే పని. వెనకోసారి ఆయనే ఒక కోటు పాడుచేసి, ఆ కసిలో వెంటనే ఇంకో రెండు పాడుచేసిన నాటి నుంచి ఉన్న రూలు అది.

“నీకూ అదే రూలు” అని ప్యాంటు ఆమె ఒళ్ళో పడేశారు. “ఇవాళ పుస్తకం లేదు, మిషను లేదు. విప్పు.”

టేపు విప్పింది. ఒక్కో కుట్టూ తెంపి దారం లాగుతుంటే గంట తరవాత ఊపిరి కాస్త నెమ్మదించింది. గుడ్డ ఎక్కడా చిరగలేదు. మూడు కాళ్ళూ విడివిడిగా బుద్ధిగా పడుకున్నాయి.

“గుడ్డ పోయిందా?” అడిగారు మాస్టారు.

“లేదు. కుట్టే తప్పు.”

“ఆ నూట అరవై మూడు కాగితం కూడా పట్రా. అదీ విప్పుదాం.”

మాస్టారికి జీవశాస్త్రం అక్షరం ముక్క రాదు. అందుకని ప్రతి తప్పుకూ ఒకటే ప్రశ్న. “గుడ్డ చాలలేదా, కుట్టు తప్పిందా?” వేళ చాలక వదిలేసినవి పక్కన పెడితే ఇరవై మూడు తప్పులు. తెలియనివి ఐదు. తెలిసీ తప్పు రాసినవి పద్దెనిమిది, అందులో పదహారు చివరి అరగంటలోవి. ‘వీటిలో సరికానిది ఏది’ అని అడిగితే సరైనదాన్ని వెతికి గుర్తు పెట్టి వచ్చింది మహాతల్లి.

“గుడ్డ బోలెడుందే పిల్లా,” అన్నారాయన. “కుట్టే మనిషి నిద్రపోతోంది.”

ఆ మాటకు టేపుకు ఏడుపు రావాల్సింది, ఆవలింత వచ్చింది. గుడ్డల మూటల మీద అక్కడే పడుకుంది. పద్నాలుగు గంటలు. ఈలోగా వచ్చిన బేరాలన్నీ పిన్ని నోటి మీద వేలేసుకుని సైగలతోనే నడిపింది. ఒకావిడ చేతులు పొట్టివి అడిగితే పొడుగువి రాసుకుందట.

అప్పటి నుంచి చదువు సగమైంది. రోజూ కొత్త పాఠం ఒక్కటే, మిగతా సమయం పాత తప్పులు విప్పడం. తరవాతి ఆదివారం మార్కుల కాగితం పట్టుకుని వచ్చింది. నూట డెబ్భై ఒకటి.

“ఈడుస్తోంది,” అంది నాయనమ్మ. కాస్సేపు చెవి ఒగ్గి, “ఉండండి, అరిగిన చెప్పు అయ్యుంటుంది” అంది.

“ఎనిమిదే పెరిగాయి, వదిలేసినవి ఇంకా బోలెడు,” అంది టేపు. కాగితం తిప్పి ఎర్ర గుర్తులు వేలితో లెక్కపెట్టింది. పన్నెండు. ఇంకోసారి లెక్కపెట్టింది. పన్నెండే. “నాన్నా, సగం తప్పులు పోయాయి.” మాస్టారు సుద్దముక్కతో చెవి వెనక గోక్కుని, బల్ల మీది టేపు తీసి కూతురి మెడలో వేశారు.

అసలు పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. పిన్ని లెక్కలో మూడు వందలకు మూడు వందల నలభై. సీటు వచ్చిందన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటారు. ఇప్పుడు ఆవిడ పశువుల ఆసుపత్రిలో డాక్టరు. మొన్న ఒక రైతు ఆవును పట్టుకొచ్చి, వరసలో నిలబడి, ఇదంతా నిజమేనా అమ్మా అని అడిగాడట.

డాక్టరమ్మ చేతికి భుజం దాకా తొడుగు వేసుకుంటూ అంది. “ఒక్క ముక్క నిజం లేదు. నాకు ఏనాడూ రెండు వందలకు తగ్గలేదు. నేను ఏనాడూ అలిసిపోలేదు. మా నాన్న కొట్లో ఏ ప్యాంటుకూ రెండు కాళ్ళకు మించి లేవు. ముందు ఆవు తల గట్టిగా పట్టుకో.”