జింక పడిపోకూడదు

గుంటూరు నుంచి వచ్చి, నాచారంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కూచిపూడి నేర్పేదాన్ని. స్కూటర్లు ఓ పక్కకు నెట్టి, ఆయిల్ మరకలు కడిగితే అదే మా క్లాసు. తెలంగాణ రావడానికి కాస్త ముందు సంవత్సరాలవి. బంద్ అయితే స్కూటర్లు కదిలేవి కావు, ఆ రోజు మాకూ సెలవే.

ఒక ఏడు వార్షికోత్సవానికి నేనే కథ అల్లి బ్యాలే తయారుచేశాను. తల్లిజింక తన పిల్ల జోలికి పోనివ్వకుండా వేటగాణ్ణి తనవైపు తిప్పుకుంటుంది. బాణం తగిలి పడిపోతుంది. ఆ పడిపోయే ఘట్టమంటే నాకు ప్రాణం. తల్లిజింక వేషానికి చర్లపల్లి ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కూతుర్ని ఎంచుకున్నాను. పదమూడేళ్లది. అలా కళ్లతో కథ చెప్పే పిల్ల నాకు మళ్లీ దొరకలేదు.

రిహార్సల్ చూసిన వాళ్ల నానమ్మ మర్నాడు పొద్దున్నే పిల్లను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది.

“టీచరమ్మా, ఇద్దరు పోయినంక దక్కిన పిల్ల ఇది. ఉత్తుత్తిగైనా ఇది సచ్చుడు నేను సూడలేను. ఎంతన్న ఎగరనియ్యి, దుంకనియ్యి. పండవెట్టకు. లేకుంటే డాన్సు బంద్.”

నాకు ఒళ్లు మండింది. “చచ్చిపోకపోతే ఇంక కథేముందండీ?” అన్నాను. పిల్ల మాత్రం ఏడుపు ఆపుకుంటూ నా మొహమే చూస్తోంది. వేషం పోతుందేమోనని దాని భయం. దానికోసమే దిగొచ్చాను.

బాణం తగిలినా జింక ఇక పడదు. పిల్లజింక ఒళ్లు నిమిరి, వెనక్కి తిరిగి, మెల్లగా నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోతుంది. చప్పగా ఉందని గొణుక్కుంటూనే నేర్పాను.

ఉప్పల్లో కమ్యూనిటీ హాలు. నేను స్టేజీ పక్కన తాళాలు పట్టుకుని కూర్చున్నాను. పిల్ల నేను నేర్పినట్టే చేసి, లోపలికొచ్చి నా వెనక నిలబడింది. స్టేజీ మీద ఆరేళ్ల పిల్లజింక తల్లిని వెతుకుతోంది. హాల్లో చప్పుడు లేదు. అంతలో నానమ్మ ముందు వరసలోంచి లేచి, మెట్లెక్కి మా దగ్గరికి వచ్చేసింది. మనవరాలి మొహం, భుజాలు తడిమింది.

“పడలే గదా బిడ్డా, మరి నా పానమెందుకు గిట్ల కొట్టుకుంటాంది?” అంది. అంతలోనే స్టేజీ వైపు చూసి, “అగో, అది ఒక్కతే అయిపాయె. జర పోయి కనవడు, పో.”

పిల్ల నా వైపు చూసింది. నేనల్లిన కథలో ఆ తల్లి తిరిగి రాదు.

“వెళ్లు,” అన్నాను.

తల్లి తిరిగొస్తే ఏం చెయ్యాలో పిల్లజింకకు నేను నేర్పలేదు. అడుగులన్నీ మరిచిపోయి, పరుగెత్తుకెళ్లి దాని నడుం కరుచుకుంది. నా తాళం తప్పింది. ఏడుస్తూ తాళం వేయడం నాకు చేతకాదు.